వెనుక యాక్సిల్ గేరు నిష్పత్తి: ఫ్యాక్టరీ బిగించింది ఏది, ఇప్పుడు ఉన్నది ఏది

చెన్నై జీపీ రోడ్డులోని విడిభాగాల దుకాణానికి వెళ్లి పాత జీపుకో జిప్సీకో క్రౌన్ పినియన్ (వెనుక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే పెద్ద గేరు క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్) కావాలని అడిగితే, కౌంటరు వెనుక మనిషి మోడలు, సంవత్సరం విన్నాక కూడా "ఎన్ని పళ్లది?" అని అడుగుతాడు. ఆ వ్యాపారంలో క్రౌన్ పినియన్‌ను దశాంశ నిష్పత్తితో కాక పళ్ల లెక్కతో, అదీ పినియన్‌ను ముందు చెప్పి, "తొమ్మిదికి నలభై ఒకటి", "ఎనిమిదికి నలభై మూడు" అని పిలవడమే వాడుక. ఒకే పేరుతో అమ్ముడైన బండిలో ఇంజను మారినప్పుడో, టైరు సైజు మారినప్పుడో, బరువు మోసే రకంగా వేరే రూపం తీసినప్పుడో కంపెనీ వెనుక యాక్సిల్ నిష్పత్తినీ మార్చి ఉంటుంది కనుక, మోడలు పేరు ఒక్కటే ఆ ప్రశ్నకు జవాబు కాదు. దానికితోడు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు తిరిగిన బండిలో ఈ గేర్లను కప్పి ఉంచే హౌసింగ్‌ను ఎవరు ఎప్పుడు మార్చారో తెలియదు.

అందుకే "ఈ బండి వెనుక యాక్సిల్ నిష్పత్తి ఎంత?" అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఎంత అన్నది మొదటిది. ఈ రోజు హౌసింగ్ లోపల ఎంత ఉందన్నది రెండవది. మొదటిదానికి ఆధారాలు కాగితాలు, ప్లేట్లు, స్టిక్కర్లు. రెండవదానికి ఆధారాలు పళ్లు, తిరుగుళ్లు, ఇంజను వేగం. ఒకదాని ఆధారాన్ని తెచ్చి రెండవదానికి జవాబుగా చెప్పడం వల్లే ఈ విషయంలో సగం గందరగోళం పుడుతోంది.

నిష్పత్తి అంటే క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చే అంకె. క్రౌన్‌కు 41, పినియన్‌కు 10 ఉంటే 4.10; అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి, గేర్‌బాక్సు నుంచి పినియన్‌కు తిరుగుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు 4.1 చుట్లు తిరగాలి. అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, కానీ అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరుగుతుంది. చిన్నదైతే హైవే మీద ఇంజను నెమ్మదిగా నడుస్తుంది, ఘాటు ఎక్కేటప్పుడు గేరు దించాల్సి వస్తుంది. అంకెలు 4, 4.5 అని గుండ్రంగా కాకుండా 3.727, 4.556, 5.375 అన్నట్టు వింతగా ఉండటానికి కారణం ఉంది. రెండు గేర్ల పళ్లకు ఉమ్మడి భాజకం లేకుండా చూస్తే పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పంటినీ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అన్ని పళ్ల మీదా సమానంగా పడుతుంది. 40కి 10 పెడితే ఒకే పన్ను ఎప్పుడూ అవే నాలుగు పళ్లను కొడుతూ ఉంటుంది. 41, 43, 37 వంటి ప్రధాన సంఖ్యలు క్రౌన్ పళ్లుగా పదే పదే కనిపించడం వెనుక ఉన్న లెక్క ఇదే. నిష్పత్తిని గుర్తించే పనిలో ఈ లెక్క తర్వాత బాగా అక్కరకు వస్తుంది.

ఈ చర్చ అన్ని కార్లకూ వర్తించదు. నేటి చిన్న కార్లలో దాదాపు అన్నింటిలో ఇంజను శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది, చివరి గేరు నిష్పత్తి గేర్‌బాక్సు కేసింగ్‌లోనే ఉంటుంది. వెనుక యాక్సిల్ నిష్పత్తి అనేది అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా, జీపు, జిప్సీ, ఓమ్ని, ఈకో, సుమో, బొలెరో, క్వాలిస్, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, ఎండీవర్ వంటి బండ్ల సంగతి.

కాగితాల విషయానికి వస్తే, ఆర్‌సీ పుస్తకం ఇందులో ఏమీ చెప్పదు. అందులో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇంజను సామర్థ్యం, వీల్‌బేస్, బరువు ఉంటాయి గాని యాక్సిల్ నిష్పత్తి ఊసు ఉండదు. కనుక హౌసింగ్ మారినా ఆర్‌టీఓ రికార్డులో ఆ జాడ పడదు. కంపెనీ ప్లేటు కొంత మెరుగు. టొయోటా తన ట్రక్కులు, వాటి ఆధారంగా వచ్చిన బండ్ల ప్లేటు మీద ట్రాన్స్/యాక్సిల్ అని ఒక గడి ఉంచుతుంది. అందులోని యాక్సిల్ కోడ్‌లో మొదటి అక్షరం క్రౌన్ గేరు సైజును, నడుమ అంకెలు నిష్పత్తిని, చివరిది డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) రకాన్ని సూచిస్తాయి. ఆ నడుమ అంకెలు నిష్పత్తి కావు, దాని సంకేతం మాత్రమే. వాటిని ఆ మోడలు విడిభాగాల పట్టికతో సరిపోల్చాలి. జనరల్ మోటార్స్ అమెరికాలో తన బండ్లకు మూడక్షరాల ఐచ్ఛికాల కోడ్ వాడింది. జీయూ4 అంటే 3.08, జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10, పక్కనే జీ80 ఉంటే లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉన్నట్టు. ఫోర్డ్ అయితే డోరు పక్కన అంటించిన స్టిక్కరు మీద యాక్సిల్ కోడ్ ముద్రిస్తుంది. అమెరికా ఫోర్డ్ ట్రక్కుల్లో 19 అంటే 3.55 మామూలు డిఫరెన్షియల్, హెచ్9 అంటే అదే 3.55 లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం ఒక్కటే జారి తిరిగిపోకుండా ఆపే రకం. ఇలాంటి కోడ్‌కు దేశం, కాలం, మోడలు మూడూ కలిస్తేనే అర్థం. అమెరికా పట్టికను తెచ్చి మరైమలై నగర్‌లో తయారైన ఎండీవర్ మీద పెట్టి చదివితే వచ్చే జవాబుకు విలువ ఉండదు.

యాక్సిల్ మీదే ఉండే గుర్తులు ఇంకో తరగతికి చెందుతాయి. కవరు బోల్టు కింద బిగించిన చిన్న రేకు ముక్క మీద నిష్పత్తి గాని పళ్ల సంఖ్యలు గాని కొట్టి ఉంటాయి. ఫోర్డ్ రేకు మీద 3ఎల్50 అని ఉంటే 3.50 అని, నడుమ ఉన్న ఎల్ లిమిటెడ్ స్లిప్ అని అర్థం. బీఎండబ్ల్యూ పాత మోడళ్లలో డిఫరెన్షియల్ రేకు మీద నిష్పత్తికి ముందు ఎస్ అక్షరం ఉంటే అది లిమిటెడ్ స్లిప్ రకం. అయితే ఈ రేకు సాక్ష్యం చెప్పేది ఆ హౌసింగ్ గురించే, దాన్ని మోస్తున్న బండి గురించి కాదు. చెన్నైలో పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో విప్పిన బండి నుంచి హౌసింగ్ మొత్తంగా తెచ్చి బిగిస్తే రేకు కూడా దాంతోపాటే వస్తుంది. హౌసింగ్ అలాగే ఉంచి లోపల క్రౌన్ పినియన్ మాత్రమే మార్చి ఉంటే రేకు పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది. నూనె మార్చేటప్పుడు కవరు విప్పి, తిరిగి బిగించేటప్పుడు రేకును పక్కన పడేసిన మెకానిక్కులకూ కొదవ లేదు.

ఇప్పుడు లోపల ఏముందో విప్పకుండా తేల్చే పద్ధతి చుట్లు లెక్కపెట్టడం. చెప్పడానికి సులువుగా కనిపిస్తుంది గాని, డిఫరెన్షియల్ స్వభావం అర్థం కాకపోతే సరిగ్గా సగం జవాబు వస్తుంది. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక వెనుక చక్రం నేలమీద ఆగి ఉండి, పైకి లేపిన చక్రాన్ని ఒక చుట్టు తిప్పితే క్రౌన్ అర చుట్టే తిరుగుతుంది. కాబట్టి లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్‌కు ఒక చుట్టు. ఇది తెలియక ఒక చుట్టుకు షాఫ్టు రెండు చుట్ల పైచిలుకు తిరిగిందని చూసి, నిష్పత్తి 2.05 అని రాసుకుంటే, నిజానికి అది 4.10. రెండు చక్రాలనూ లేపి ఒక్కదాన్నే తిప్పితే మరీ చిక్కు: రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది, షాఫ్టు కదలదు, లేదా ఇష్టం వచ్చినంత కదులుతుంది. లిమిటెడ్ స్లిప్ రకంలో ఒక చక్రం నేలమీద ఉంటే లేపిన చక్రం తిరగనని మొరాయిస్తుంది. అక్కడ రెండూ లేపాలి, రెండూ ఒకే దిశలో తిరుగుతాయి, సగం లెక్క అక్కర్లేదు.

చదునైన నేలమీద ముందు చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టి, ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపి, బరువును స్టాండు మీద మోపాలి. గేరు న్యూట్రల్‌లో, ఫోర్‌వీల్ డ్రైవ్ బండి (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించగలది) అయితే రెండు చక్రాల నడకలో ఉండాలి. హ్యాండ్‌బ్రేకు దించక తప్పదు, అందుకే ముందు చక్రాల అడ్డు మీద అంత శ్రద్ధ. పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది కనుక, అది పట్టి ఉంటే చక్రం కదలనే కదలదు. టైరు మీద, దానికి ఎదురుగా మడ్‌గార్డు మీద ఒక సుద్దగీత. పినియన్ ఫ్లాంజి (షాఫ్టును పినియన్‌కు బిగించే పళ్లెం) మీద, దానికి ఎదురుగా హౌసింగ్ మీద ఇంకో సుద్దగీత. చక్రాన్ని ముందు కొద్దిగా తిప్పి గేరు పళ్ల నడుమ వదులు, యూనివర్సల్ జాయింటు వదులు పూర్తిగా పోయాకే గీతలు గీయాలి, ఆ తర్వాత అదే దిశలో తిప్పాలి తప్ప వెనక్కి రాకూడదు. ఒకరు చక్రం తిప్పుతూ, ఇంకొకరు బండి కింద షాఫ్టు చుట్లు లెక్కపెడితే పని సుఖంగా సాగుతుంది.

ఒక్క చుట్టుతో ఆగిపోతే 3.9కీ 4.1కీ తేడా కనిపెట్టడం కంటి అంచనాకే వదిలేసినట్టు. చక్రాన్ని ఇరవై చుట్లు, అంటే క్రౌన్‌ను పది చుట్లు తిప్పితే, షాఫ్టు 3.727 నిష్పత్తిలో 37 పావు చుట్లు, 3.909లో 39 దాటి కొద్దిగా, 4.10లో సరిగ్గా 41, 4.556లో 45న్నర దాటి, 4.875లో 48 ముప్పావు, 5.375లో 53 ముప్పావు తిరుగుతుంది. ఇక్కడ పొరపాటుకు చోటు చాలా తక్కువ. 4.10ను 4.11 నుంచి వేరు చేయడం కూడా సాధ్యమే: మొదటిది 41/10, రెండవది 37/9. ఇరవై చక్రపు చుట్లలో వాటి మధ్య తేడా షాఫ్టు చుట్టులో తొమ్మిదో వంతు, అంటే 40 డిగ్రీలు. సుద్దగీత అంత జరిగితే కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకా తిరుగులేని ఉపాయం ఒకటుంది. పళ్లకు ఉమ్మడి భాజకం లేదని పైన చెప్పిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. క్రౌన్ ఎన్ని చుట్లు తిరిగాక చక్రపు గీత, షాఫ్టు గీత రెండూ ఒకేసారి మొదలుపెట్టిన చోటికి వస్తాయో, ఆ చుట్ల సంఖ్యే పినియన్ పళ్ల సంఖ్య; అంతలో షాఫ్టు తిరిగిన చుట్ల సంఖ్యే క్రౌన్ పళ్ల సంఖ్య. 37/9 అయితే లేపిన చక్రం పద్దెనిమిది చుట్లు తిరిగేసరికి షాఫ్టు ముప్పై ఏడు చుట్లు పూర్తిచేసి గీతలు రెండూ కలుస్తాయి. 43/11 అయితే ఇరవై రెండు చుట్లకు నలభై మూడు. క్రౌన్ పళ్లు సరిసంఖ్య అయిన అరుదైన సందర్భంలో మాత్రం సగం చుట్లకే గీతలు కలుస్తాయి గనుక, చక్రపు చుట్లు బేసి సంఖ్య దగ్గర గీతలు కలిస్తే షాఫ్టు లెక్కను రెట్టింపు చేయాలి. హౌసింగ్ విప్పకుండా, నూనె చుక్క కారకుండా, దుకాణదారు అడిగే ఆ పళ్ల లెక్కే చేతికి వస్తుంది.

కవరు విప్పే వీలుంటే ఇంత శ్రమ అక్కర్లేదు. క్రౌన్ అంచు మీద పళ్ల సంఖ్యలు కొట్టి ఉంటాయి, పక్కనే జత నంబరు కూడా ఉంటుంది. పినియన్ ముఖం మీద అదే జత నంబరు లేకపోతే ఎప్పుడో ఎవరో రెండు వేర్వేరు జతల్లోంచి ఒక్కోటి తెచ్చి కలిపారన్నమాట. ఇలాంటి జోడీ మోత చేయకుండా ఎక్కువ కాలం నడవడం అరుదు.

రోడ్డు మీద వేగాన్నీ ఇంజను చుట్లనూ బట్టి నిష్పత్తి కట్టే పద్ధతి చాలామందికి ఇష్టం, ఎందుకంటే చేతికి మట్టి అంటదు. లెక్క సూటిగానే ఉంటుంది: డైరెక్ట్ గేరులో, అంటే గేర్‌బాక్సు నిష్పత్తి 1 ఉండే గేరులో, ఇంజను చుట్లను చక్రపు చుట్లతో భాగించాలి. అంబాసిడర్ నాలుగు గేర్ల పెట్టెలో అది టాప్ గేరు. ఐదు గేర్లు ఉన్న ఇలాంటి బండ్లలో సాధారణంగా నాలుగోది; ఐదోది ఓవర్‌డ్రైవ్, అంటే నిష్పత్తి 1 కంటే తక్కువ. తప్పు ముందుగా దొర్లేది టైరు దగ్గర. 215/75 ఆర్15 టైరు వ్యాసం సైజును బట్టి లెక్కిస్తే 703.5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.21 మీటర్లు. కానీ బండి బరువు కింద టైరు కొద్దిగా అణుగుతుంది, రేడియల్ టైరు ఒక చుట్టులో నడిచే దూరం ఈ లెక్క కంటే సుమారు మూడు శాతం తక్కువ, 2.14 మీటర్ల దగ్గర ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల నిజమైన వేగంతో, ఇంజను నిమిషానికి 2,554 చుట్లతో నడుస్తోందనుకుంటే, 2.14 మీటర్లతో చక్రానికి 623 చుట్లు, నిష్పత్తి 4.10. అదే 2.21తో లెక్కిస్తే 603 చుట్లు, నిష్పత్తి 4.23. ఈ రెండో అంకె 4.10కీ 4.30కీ నడుమ పడి, చూసేవాడిని ఎటైనా తీసుకెళ్తుంది. దీనికి మందు సులభం: టైరుకు ఒక గీత పెట్టి, మనిషి కూర్చున్న బండిని సమతల నేలమీద పది చుట్లు నెట్టి, దూరాన్ని టేపుతో కొలవడం.

వేగానికి స్పీడోమీటరు ముల్లును నమ్మడం అంతకంటే పెద్ద తప్పు. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 39వది స్పీడోమీటరు నిజ వేగం కంటే తక్కువ చూపకూడదని, ఎక్కువ మాత్రం పది శాతం, దానిపై నాలుగు కిలోమీటర్ల దాకా చూపవచ్చని అంటుంది. ఆ లెక్కన నిజంగా 80తో పోతున్న బండి ముల్లు 92 చూపినా నియమం తప్పినట్టు కాదు. ఫోనులోని జీపీఎస్ వేగం ఇక్కడ ముల్లు కంటే ఎన్నో రెట్లు మేలు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు అయితే టార్క్ కన్వర్టరు (ఇంజనును గేర్‌బాక్సుతో నూనె ద్వారా కలిపేది) లాక్ అయ్యాకే అంకె రాసుకోవాలి. లేకపోతే జారుడు కూడా నిష్పత్తిలో కలిసిపోతుంది.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లలో ఇంకో మెలిక ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు హై రేంజిలో (మామూలు రోడ్డు మీద వాడేది) నిష్పత్తి 1 ఉంటుందని అందరూ అనుకుంటారు, చాలా బండ్లలో అది నిజమే. సుజుకీ ఎస్‌జే413లో మాత్రం హై రేంజి 1.409, ఎస్‌జే410లో 1.580. మన జిప్సీ ఈ కుటుంబం నుంచి వచ్చిందే. ఎస్‌జే413 యాక్సిల్ నిష్పత్తి 3.727, డైరెక్ట్ గేరులో ఇంజను చుట్లను చక్రపు చుట్లతో భాగిస్తే 5.25 వస్తుంది. దాన్ని చూసి "ఇది జీపు యాక్సిల్ 5.38 అయి ఉంటుంది" అనుకుంటే ఆశ్చర్యం లేదు గాని, 1.409తో భాగిస్తే అసలు సంగతి బయటపడుతుంది. పైన చెప్పిన చుట్ల లెక్కలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే అక్కడ కొలిచేది ట్రాన్స్‌ఫర్ కేసుకు ఇవతలి షాఫ్టునే.

ఇప్పుడున్న నిష్పత్తి తేలింది సరే, అది ఫ్యాక్టరీదా కాదా? ప్లేటు చెరిగిపోయి, కాగితాలు పోయిన పాత బండిలో దీనికి సమాధానం ఇవ్వగల సాక్షి ఒకటి మిగిలి ఉంటుంది, ఎక్కువమంది పట్టించుకోనిది: ఓడోమీటరు. పాత బండ్లలో స్పీడోమీటరు కేబులు గేర్‌బాక్సు లేదా ట్రాన్స్‌ఫర్ కేసు చివరి షాఫ్టు నుంచి తిరుగుతుంది, అంటే యాక్సిల్‌కు ముందే. కిలోమీటరుకు కేబులు ఎన్ని చుట్లు తిరగాలన్నది యాక్సిల్ నిష్పత్తి, టైరు సైజు చూసి ఫ్యాక్టరీ ముందే నిర్ణయించి, దానికి తగిన చిన్న ప్లాస్టిక్ గేరు వేస్తుంది. స్మిత్స్ వారి పాత మీటర్లలో ఆ సంఖ్య డయలు అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ముల్లులో కావాలని పెట్టిన పెంపు ఉండవచ్చు గాని, ఓడోమీటరు అంకెల చక్రాలు వట్టి గేర్ల గొలుసు, వాటికి పళ్ల లెక్క తప్ప మరేమీ తెలియదు. అసలు సైజు టైర్లు ఉంచి, చెన్నై నుంచి నెల్లూరు వైపు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లతోనో జీపీఎస్‌తోనో కొంత దూరం పోల్చి చూస్తే, ఓడోమీటరు రెండు మూడు శాతం లోపల సరిపోతే యాక్సిల్ అసలుదే అనడానికి గట్టి ఆధారం. 4.556 తీసి 3.727 వేసిన బండిలో ఓడోమీటరు 60 కిలోమీటర్లు చూపేసరికి బండి నిజానికి 73 దాటి ఉంటుంది. ఇంత తేడాను ఏ అరిగిన టైరూ సంజాయిషీ చెప్పలేదు. మీటరు మార్చిన బండిలో ఈ సాక్ష్యం చెల్లదు. ఏబీఎస్ సెన్సార్ల నుంచి వేగం తీసుకునే కొత్త బండ్లలో అసలు ఉండదు.

పాత పుస్తకాల్లోని అంకెలను వాడేటప్పుడు చెన్నైలోనే పుట్టిన కారు ఒకటి మంచి హెచ్చరిక. నగర శివార్లలో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసిన హెరాల్డ్, బ్రిటన్ ట్రయంఫ్ హెరాల్డ్ నమూనా. బ్రిటన్‌లో 948 సీసీ హెరాల్డ్ సెలూన్‌కు 4.875, తర్వాతి 1200కు 4.11 నిష్పత్తి వాడారు. ఇక్కడి కారు పేరు చూసి, తేదీ చూసి, ఆ కాలపు బ్రిటిష్ పుస్తకంలోని 1200 అంకెను రాసుకుంటే తప్పే అవకాశం ఎక్కువ, ఎందుకంటే భారత హెరాల్డ్ 948 ఇంజనుతోనే చాలాకాలం సాగింది. 1972లో వచ్చిన గెజెల్‌లో అయితే వెనుక భాగం అమరికనే మార్చి సాధారణ లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ ఒకే గట్టి హౌసింగ్‌తో కలిపేది) వేశారు. ట్రయంఫ్ పట్టికలో దానికి సరిపడే గడే ఉండదు. పట్టికను చదవాల్సింది ఇంజను, యాక్సిల్ రకం బట్టి. బానెట్ మీది పేరు బట్టి కాదు.

ఆధారాలు కలవనప్పుడు ఏది నెగ్గాలన్నది ఇక అవసరాన్ని బట్టి ఉంటుంది. పాత కారును అసలు రూపానికి తేవాలనుకునేవారికి ప్లేటు, ఓడోమీటరు చెప్పిందే ప్రమాణం. హౌసింగ్ లోపల ఏముందన్నది మార్చవలసిన వస్తువుల జాబితాలో ఒకటి మాత్రమే. మోత పెడుతున్న క్రౌన్ మార్చుకోవడానికి పుదుపేటకు బయలుదేరిన వారికి పళ్ల లెక్కే ప్రమాణం, ప్లేటు ఏం చెప్పినా సరే. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి అయితే ముందు యాక్సిల్‌ను కూడా అదే సుద్దగీతలతో లెక్కించి తీరాలి: రెండింటి నిష్పత్తి కలవకుండా తారు రోడ్డు మీద నాలుగు చక్రాల నడక వేస్తే ముందు, వెనుక షాఫ్టులు ఒకదానితో ఒకటి పెనుగులాడి, లివరు బిగుసుకుపోయి వెనక్కి రాదు. వెనుకది మాత్రమే మార్చిన జీపులు, జిప్సీలు అమ్మకానికి వచ్చినప్పుడు నాలుగు చక్రాల లివరును రోడ్డు మీద వేసి చూపమంటే అమ్మేవారు వెనకాడటానికి ఒక్కోసారి కారణం ఇదే.